మూడు కూతలు కాజేసిన అచ్చియ్యమ్మ

అనగనగా, బుజ్జీ, కాలవ పక్కనున్న ఒక ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఆవిడవి పాతకాలపు అలవాట్లు. కాళ్ళు కడుక్కోందే వంటింట్లో అడుగు పెట్టదు. పొయ్యికి బొట్టు పెట్టందే నిప్పు వెయ్యదు. మెతుకు నలిపి చూడందే అన్నం దించదు.

అలాంటి ఇంట్లోకి కోడలు తాయారు కుక్కరు తెచ్చింది. అప్పట్నుంచి అచ్చియ్యమ్మకి కుదురు లేదు. మూత బిగించాక లోపల ఏమవుతోందో ఎవరికి తెలుసు? వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వంటింట్లోకి, కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

ఇంతలో వరి ఊడ్పులు వచ్చాయి. కూలీలకి మధ్యాహ్నం అన్నం పెట్టడం ఆ ఇంటి వాడుక. తాయారు పెద్ద కుక్కర్లో బియ్యం పోసి, గ్యాసు పొయ్యి మీద పెట్టి, చేలోకి బయల్దేరింది.

"అత్తయ్యా, మూడు కూతలు వేశాక మంట ఆపండి. అంతే. ఈపాటి పని కూడా కుదరకపోతే రేపట్నుంచి వంటింటి జోలికి రాకండి. హాయిగా మంచమ్మీద కూర్చోండి."

ఆ మాట అచ్చియ్యమ్మకి ముల్లులా గుచ్చుకుంది. కూర్చోబెట్టేసిన మనిషికి ఇంట్లో ఇంకేం పని, చెప్పు?

అప్పుడు కుక్కరు గుడగుడమంది. అన్నం చిమిడిపోతుందేమోనని ఆవిడ ప్రాణం కొట్టుకుంది. పట్టకారుతో కుక్కరు నెత్తిమీది బరువు కాస్త ఎత్తింది. ఆవిరంతా భుస్సున పోయింది. ఇంక కూతెక్కడిది?

ఆ తర్వాత వీధిలోకి వెళ్ళి పొద్దు చూసొచ్చింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ భుస్సు.

ఆ తర్వాత చేతులు రెండూ కొంగులో చుట్టేసుకుని కూర్చుంది. ఎంతసేపు కూర్చుంటుందీ? కొంగు విప్పుకుని మూడోసారీ ఎత్తేసింది!

కూతా లేదు, పాడూ లేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఇంక ఆగలేక మంట ఆపి, ఆవిరి పోనిచ్చి, మూత తీసింది. మెతుకు నలిపింది. నీళ్ళన్నీ ఇంకిపోయాయి గానీ మెతుకు ఇంకా పలుకే!

అక్కడ కూలీలు ఆకలితో నడుం వంచి ఉన్నారు. అచ్చియ్యమ్మ గబగబా పెరట్లో కట్టెల పొయ్యి రాజేసింది. గుండిగలో ఎసరు మరిగించి ఆ పలుకు అన్నమంతా అందులో పోసింది. మెతుకు నలిపి చూసి, గంజి వార్చింది. అప్పుడు అన్నం గంప నెత్తిన, గంజి బిందె చంకన పెట్టుకుని, చేనిగట్టు మీద ఒకటే పరుగు.

ఆవిడ చేరేసరికి చేలో వాన పట్టుకుంది. కూలీలు బురదలో గజగజ వణుకుతున్నారు. తాయారు మండిపడుతోంది. "ఇంతసేపా అత్తయ్యా! రేపు వీళ్ళు వేరే చేలోకి పోతే ఎవర్ని బతిమాలను?"

ఈలోగా మరిడమ్మ అనే కూలీ బిందెలోకి తొంగి చూసింది. "అమ్మో, వేడి గంజే! కుక్కరు వచ్చిన కాణ్ణుంచి మీ ఇంటి గంజికి మొహం వాచిపోయాం. ఉప్పేసి పొయ్యి పెద్దమ్మా! ఇది పోస్తానంటే రేపు పిలవకపోయినా వస్తాం."

అందరూ గిన్నెలు చాచారు. తాయారు కూడా చాచింది, చలిగదూ మరి!

అప్పుడు అచ్చియ్యమ్మ తలొంచుకుని జరిగిందంతా చెప్పింది. తాయారు కోప్పడబోయి నవ్వేసింది.

"మూడు కూతలూ మీరే కాజేశారన్నమాట! సరే, ఇంక అన్నం మీదే. పప్పు మాత్రం కుక్కరుది. దాని జోలికి రాకూడదు."

"రానులేవే," అంది అచ్చియ్యమ్మ. నాలుగడుగులు వేసిందో లేదో గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఒసే తాయారూ, మరి పప్పు ఉడికిందో లేదో ఎవరు చూస్తారే?"

గంజి చేరె గిన్నెకి,
కునుకు చేరె కన్నుకి,
కథ చేరె కంచికి,
బుజ్జి చేరె పక్కకి.