తొర్రలోకి వెళ్లే ముందు

మద్దికోన అడవిలో దుప్పులు, ఉడతలు, నెమళ్లు, గువ్వలతో పాటు కొమ్ముపిట్టలు కూడా ఉండేవి. పెద్ద పసుపు ముక్కు, దాని మీద కొమ్ములాంటి బుడిపె ఉన్న పక్షులవి. వాటిది ఒక వింత అలవాటు. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపిట్ట చెట్టు తొర్రలోకి వెళ్లి, లోపలి నుంచి తానే మట్టితో వాకిలి మూసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. రెక్కల ఈకలన్నీ రాల్చేసుకుంటుంది. ఇక పిల్లలు పెరిగేదాకా మగపిట్ట తెచ్చిపెట్టిందే తిండి.

వయసొచ్చిన పిట్టలకు అక్కడ ఒక కాలేజీ ఉండేది. ఎత్తైన టేకు చెట్టే ఆ కాలేజీ. జోగవ్వ అనే ముసలి కొమ్ముపిట్ట పాఠాలు చెప్పేది.

ఆ కాలేజీలో మోదుగ అనే పిట్ట చదివేది. అది నవ్విందంటే కొమ్మంతా ఊగేది. శూరుడు అనే మగపిట్టకు మోదుగంటే ఇష్టం. అడవిలో తియ్యని మేడిపండ్లన్నీ ఏరి తెచ్చేవాడు. మోదుగ మురిసిపోయింది. మురిసిపోదా మరి!

కొన్నాళ్లకు శూరుడు, "ఆ గువ్వతో నీకేం మాటలు?" అన్నాడు. మర్నాడు, "నన్నడక్కుండా వాగుకెందుకు వెళ్లావు?" అన్నాడు. ఇంకో రోజు కోపం పట్టలేక మోదుగ రెక్కను ముక్కుతో పొడిచాడు. రెండు ఈకలు ఊడిపోయాయి. సాయంత్రం మళ్లీ మేడిపండు తెచ్చి, "నువ్వంటే నాకు ప్రాణం. అందుకే అంత కోపం వచ్చింది" అని ఏడ్చాడు.

మోదుగ నమ్మింది. తప్పు తనదేనేమో అనుకుంది.

"రెక్కకేమైందే?" అని నేస్తమైన కుచ్చి ఉడత అడిగింది.

"ముల్లు గీసుకుంది."

"ఈ అడవిలో ముళ్లన్నీ నిన్నే వెతుక్కుంటూ వస్తున్నాయా?" అంది కుచ్చి. మోదుగ తల తిప్పుకుంది.

గుడ్ల కాలం దగ్గరపడింది. శూరుడు ఒక తొర్ర చూసి వచ్చాడు. "రేపే లోపలికి వెళ్లు. అప్పుడు నువ్వెవరితో మాట్లాడతావోనన్న బెంగ నాకుండదు" అన్నాడు.

మోదుగ నేరుగా జోగవ్వ దగ్గరికి ఎగిరింది. అవ్వ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని రెక్క చూసింది. తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"శూరుడు వస్తున్న చప్పుడు వినగానే నీకేమనిపిస్తుంది తల్లీ?"

మోదుగ తల వంచుకుని, "భయమేస్తుందవ్వా" అంది.

"తొర్రలో ఉన్నప్పుడు ఆ చప్పుడు కోసమే ఆకలితో ఎదురు చూడాలమ్మా. దానికే భయపడితే ఎలా బతుకుతావు?"

మోదుగ వెక్కి వెక్కి ఏడ్చింది. జరిగిందంతా చెప్పింది.

మర్నాడు శూరుడు రాగానే, "నేను రాను" అంది. శూరుడు కళ్లనీళ్లు పెట్టుకుని, "ఇంకెప్పుడూ పొడవను" అంటూ పండు అందించబోయాడు. పాపం, మోదుగ మనసు ఒక్క క్షణం కరిగింది. ఇష్టం ఒక్కరోజులో పోదు కదా!

"పండు తియ్యగానే ఉంటుంది శూరుడూ. కానీ నీ పక్కన నేను కళ్లు మూసుకుని పడుకోలేను" అంది.

శూరుడు పొడవబోతూ ముక్కు పైకెత్తాడు. అంతలో జోగవ్వ వచ్చి మోదుగకు ఒకవైపు వాలింది. కుచ్చి మరోవైపు కూర్చుంది. గువ్వలూ వచ్చాయి. ఎవరూ కదల్లేదు.

"ఇక ఈ కొమ్మ మీదికి రాకు నాయనా" అంది అవ్వ.

శూరుడు వెళ్లిపోయాడు. ఆ ఏడు ఏ ఆడపిట్టా అతని తొర్ర వైపు తొంగి కూడా చూడలేదు. ఏరి తెచ్చిన పండ్లన్నీ చెట్టు కింద కుళ్లిపోయాయి.

మోదుగ కూడా ఆ ఏడు ఏ తొర్రలోకీ వెళ్లలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. హాయిగా చదువుకుంది, ఇష్టమైన చోటికల్లా ఎగిరింది. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగింది.

"ఇన్నాళ్లూ నీకు చెప్పనందుకు నా మీద కోపం లేదా అవ్వా?"

జోగవ్వ దాని రెక్కలో కొత్తగా మొలుస్తున్న ఈకలను ముక్కుతో మెల్లగా దువ్వింది.

"చెప్పావుగా తల్లీ. అది చాలు" అంది.

నీతి: భయపెట్టేది ప్రేమ కాదు, అలాంటి బాధను దాచుకోకుండా నమ్మినవారికి చెప్పుకోవాలి.