ఆరో తుపాకీ

నీలవేణి ఆ మాట అడగాలా వద్దా అని వారం రోజులు ఆలోచించింది. చివరికి శుక్రవారం పొద్దున, మాస్టారు టీ తాగుతుండగా అడిగేసింది.

"మాస్టారూ, నేను నేర్చుకోవాల్సింది ఇంకా ఏమైనా మిగిలిందా?"

సన్యాసిరావు మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టారు. ఆయన ముప్పై రెండేళ్లు పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు కాపులుప్పాడ దగ్గర కొండ కింద ఉన్న ఒక ఆట మైదానంలో, రేకుల షెడ్డులో కూర్చుని ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు చూసుకుంటున్నారు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు శని, ఆదివారాల్లో వచ్చి వాటితో యుద్ధం ఆట ఆడతారు.

చూడ్డానికి అవి అచ్చం నిజం తుపాకుల్లాగే ఉంటాయి. మందుగుండు మాత్రం ఉండదు. పక్కనున్న బోల్ట్ పిడిని వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కితే లోపలి స్ప్రింగు గాలిని తోస్తుంది. ఆ గాలి బఠాణీ గింజ కన్నా చిన్నదైన ప్లాస్టిక్ గుండును విసురుతుంది. ఒంటికి తగిలితే ఎర్రగా కందుతుంది, రెండ్రోజులకు పోతుంది. కంటికి తగిలితే కన్నే పోతుంది.

"ఏటమ్మా, ఎక్కడికైనా వెళ్దామనుకుంటున్నావా?" అన్నారు మాస్టారు.

నీలవేణి దాచలేదు. భోగాపురంలో కొత్తగా మైదానం పెడుతున్నారు. యాభై తుపాకులు. వాటన్నిటికీ తనే బాధ్యురాలు. మాస్టారు ఒక్క మాట చెబితే చాలు, సోమవారం నుంచే రమ్మన్నారు.

"చెప్తాన్లే. రేపు పొద్దున్న నలభై మంది కాలేజీ పిల్లలొస్తున్నారు. ఇరవై నాలుగు తుపాకులూ ఈ రోజు నువ్వే సిద్ధం చెయ్యి. సాయంత్రం మాట్లాడుకుందాం."

ఇదేమంత పరీక్ష అనుకుంది నీలవేణి. ఐటీఐలో ఫిట్టరు కోర్సు చదివి ఇక్కడికొచ్చి మూడేళ్లయింది. పిస్టను అరిగినా, స్ప్రింగు వదులైనా, రబ్బరు చీలినా శబ్దం విని చెప్పేస్తుంది. కళ్ళకు గంతలు కట్టినా తుపాకీ విప్పి మళ్ళీ బిగించగలదు. ఒకసారి ఆటకొచ్చినవాళ్ళు పందెం కడితే నిజంగానే అలా చేసి చూపించింది. అప్పుడందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.

ఆయన పని మహా నిదానం. గుండ్లు నింపే మేగజీను తీస్తారు. బోల్ట్ వెనక్కి లాగి లోపలికి టార్చి వేసి చూస్తారు. పొడవాటి కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలోకి చివరిదాకా దూరుస్తారు. బయటికి తీసి ఆ గుడ్డను వెలుతురులో పెట్టి చూస్తారు. మళ్ళీ ఇంకో గుడ్డ. ఆఖరున తుపాకీని ఇసుక పెట్టె వైపు తిప్పి రెండుసార్లు కాలుస్తారు. ఒక్కో దానికి పావుగంట పైనే పడుతుంది. ఇరవై నాలుగు చేయాలంటే ఆయనకు రోజంతా పడుతుంది.

నీలవేణి పదకొండింటికి మొదలుపెట్టి మూడున్నరకల్లా ముగించేసింది.

ఆమె పద్ధతి వేరు. మేగజీన్లన్నీ ఒకేసారి తీసి బుట్టలో పడేసింది. ఒక్కో గొట్టంలో సిలికాన్ ఆయిల్ చిమ్మింది. పైనంతా మెత్తటి గుడ్డతో తుడిచింది. వదులైన మరలు బిగించింది. రెండింటికి స్ప్రింగులు మార్చింది. ఒకదానికి భుజానికి ఆనించే మడమ పగిలితే జిగురు పెట్టి పచ్చటి టేపు చుట్టింది. మధ్యలో అన్నానికి వెళ్ళొచ్చింది. ఈలోగా భోగాపురం నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. జీతం ఎంతో, ఉండటానికి గది ఎక్కడో, అన్నీ మాట్లాడింది.

పొడవాటి బల్ల మీద ఇరవై నాలుగు తుపాకులూ వరసగా పెట్టింది. ఒక్కదాని మీదా దుమ్ము లేదు. వెళ్ళి మాస్టారిని పిలుచుకొచ్చింది.

ఆయన బల్ల పక్కన ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత ఒక స్టూలు లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చున్నారు.

"అన్నీ చూశావా?"

"చూశాను మాస్టారూ."

"అన్నీ ఖాళీయేనా?"

"మేగజీన్లు అన్నీ తీసేశాను కదా. ఖాళీయే."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"మొదటిది తియ్యి. బోల్ట్ లాగు." ఎడమ కంటి కింద వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ పెట్టి నొక్కు."

నీలవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, వేళాకోళం ఆడుతున్నారేమో అనుకుంది. కానీ ఈ మూడేళ్లలో ఆయన తుపాకీ పక్కన ఒక్కసారి కూడా వేళాకోళం ఆడింది లేదు. ఆమె చేరిన కొత్తలో, ఒకతను నవ్వుతూ ఖాళీ తుపాకీని స్నేహితుడి వైపు తిప్పితే, అతని చేతిలోంచి లాక్కుని మైదానం బయటికి పంపించేశారు. డబ్బులు తిరిగిచ్చేసి మరీ పంపించారు. ఆ మనిషే ఇప్పుడు ఇలా అంటున్నారు.

"అదేంటి మాస్టారూ. మీరే కదా ఎవరి వైపూ తిప్పకూడదంటారు."

"ఖాళీ అన్నావు గదా."

"ఖాళీయే. కానీ..."

"అయితే నొక్కు."

ఆయన గొంతులో కోపం లేదు. ఆమెకు మాత్రం లోపల చురుక్కుమంది. మూడేళ్లు చేసిన పనిని నమ్మరా అనుకుంది. మొదటి తుపాకీ అందుకుని బోల్ట్ లాగింది. గొట్టం చివర ఆయన కంటికి జానెడు దూరంలో పెట్టింది. మాస్టారు కన్ను ఆర్పలేదు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని ట్రిగ్గర్ నొక్కింది.

టక్‌మంది. గాలి తగిలి ఆయన కనుబొమ్మ వెంట్రుకలు కదిలాయి. చెంప మీద సన్నగా నూనె తుంపర పడింది. ఆయన దాన్ని చేత్తో తుడుచుకున్నారు.

"రెండోది."

రెండోది నొక్కింది. ఏమీ కాలేదు. మూడోది నొక్కింది. నాలుగోదానికి ఆమె మొహం తిప్పుకోలేదు. చూశారా అన్నట్టు ఆయన వైపే చూస్తూ నొక్కింది. అయిదోది కూడా అయిపోయింది. ఆయన చెంప మీద నూనె మెరుస్తోంది. చూపు మాత్రం గొట్టం మీద నుంచి కదల్లేదు.

"ఆరోది."

ఆరోది పచ్చ టేపు చుట్టిన తుపాకీ. నీలవేణి దాన్ని ఎత్తింది. బోల్ట్ లాగింది. ఎక్కడో లోపల చాలా సన్నగా ఏదో కదిలినట్టు అనిపించింది. అసలు కదిలిందో లేదో కూడా తెలియలేదు. గొట్టం ఆయన కంటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఈ తుపాకీకి టేపు చుడుతున్నప్పుడు ఫోన్ మోగింది. భుజానికి ఫోను ఆనించుకుని మాట్లాడుతూనే టేపు చుట్టింది. అది గుర్తుంది. దీని బోల్ట్ లాగి లోపలికి చూసిందా? గుర్తు రాలేదు.

"ఏటమ్మా, ఆగావు?"

"ఒక్కసారి చూస్తాను మాస్టారూ."

"చూశానన్నావు గదా."

"చూశాననుకున్నాను."

ఆయన స్టూలు మీద నుంచి లేవలేదు. మొహం కూడా పక్కకు తిప్పుకోలేదు.

నీలవేణి తుపాకీని మెల్లగా పక్కకు తిప్పింది. గోడవారన ఇసుక పెట్టె ఉంది. దాని ముందు ఒక అట్టముక్క నిలబెట్టి ఉంటుంది. అటు పెట్టి నొక్కింది.

ఈసారి శబ్దం వేరేగా వచ్చింది. అట్టముక్క వెనక్కి పడిపోయింది. దాని మధ్యలో గుండ్రటి కన్నం. దాని వెనక ఇసుకలో తెల్లటి ప్లాస్టిక్ గుండు సగం దిగబడి ఉంది.

మేగజీను తీసినా గొట్టం మొదట్లో రబ్బరు దగ్గర ఒక్క గుండు ఇరుక్కుని ఉండిపోతుంది. అది ఆమెకు తెలియనిది కాదు. ఆమె ఇక్కడ చేరిన మొదటి రోజే మాస్టారు చెప్పింది అదే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇప్పుడు ఆమే చెబుతోంది.

ఆమె తుపాకీని బల్ల మీద పెట్టబోయింది.  తుపాకీ బల్ల అంచుకు తగిలి కిందపడింది. తీయడానికి వంగిన మనిషి అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

ఆగి ఉండకపోతే అన్న ఆలోచన ముందు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆ అయిదు తుపాకులు. మొదటిదాని లోపలికి చూసిందా? లేదు. రెండోదాన్ని? లేదు. అన్నిట్లోనూ నూనె చిమ్మింది, పైన తుడిచింది. ఒక్కదాంట్లోనూ కడ్డీ దూర్చలేదు. నాలుగోది నొక్కినప్పుడు ఆయన మొహంలోకి గర్వంగా చూసింది కూడా.  బయటికెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. 

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, కిందపడిన తుపాకీ మడమను చూస్తున్నారు. పచ్చ టేపు ఊడిపోయింది.

"దీనికి జిగురు ఆరాలి. రేపటికి పనికిరాదు. పక్కన పెట్టు" అన్నారు.  వెళ్ళి తలుపు దగ్గర కూర్చుని పేపరు తీశారు.

నీలవేణి కడ్డీ అందుకుంది. గుడ్డ చింపింది. మొదటి తుపాకీ దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది.

బోల్ట్ లాగింది. టార్చి వేసి చూసింది. కడ్డీ చివరిదాకా దూర్చింది. గుడ్డ తీసి వెలుతురులో పెట్టింది. అది నల్లగా, నూనె ఓడుతూ వచ్చింది. ఇంకో గుడ్డ చుట్టింది. అది కూడా నల్లగానే వచ్చింది. మూడో గుడ్డకు గాని గొట్టం శుభ్రం కాలేదు. తర్వాత ఇసుక పెట్టె వైపు రెండుసార్లు కాల్చింది. ఆ తర్వాతే రెండోది ముట్టుకుంది.

ఫోను మోగింది. భోగాపురం నుంచే. ఆమె చూసి, మోగనిచ్చింది.

పదమూడో తుపాకీలో కడ్డీ చివరికి కాస్త ముందే అడ్డం తగిలింది. బోల్ట్ వెనక్కి లాగి నెమ్మదిగా తోస్తే కింద నుంచి తెల్లటి గుండు జారి అరచేతిలో పడింది. ఇరవై ఒకటోదాంట్లో ఇంకొకటి దొరికింది. రెండిటినీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇసుకలో నుంచి మొదటిది వెతికి తీసి వాటి పక్కనే పెట్టింది.

తుపాకులు పిల్లల చేతికిచ్చేది, కళ్ళకు దెబ్బ తగలకుండా పెట్టుకునే కళ్ళజోళ్ళు ఇవ్వకముందే. వరసలో నిలబెట్టి ముందు తుపాకీ ఇస్తారు, తర్వాత కళ్ళజోడు ఇస్తారు. ఆ మధ్యలో, మాస్టారి కళ్ళబడకుండా, వాళ్ళు ఒకరికొకరు గురి పెట్టుకుని ఫొటోలు తీసుకుంటారు. ఎంత చెప్పినా వినరు. ప్రతి వారం చూస్తూనే ఉంది.

ఆమె మూడు గుండ్లనూ చాలాసేపు చూసింది.

పని అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటింది. షెడ్డు బయట బల్బు వెలుగుతోంది. మాస్టారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని సైకిలు దగ్గరకు నడిచారు. నీలవేణి వెనకాలే వెళ్ళింది. ఒక్క మాట అడగాలి. అడిగితే ఏం చెబుతారోనని భయంగా ఉంది. అడక్కుండా ఇంటికి వెళ్ళలేననిపించింది.

"మాస్టారూ."

ఆయన ఆగారు.

"మధ్యాహ్నం నేను అన్నానికి వెళ్ళినప్పుడు, మీరు ఒకసారి వచ్చి అన్నీ చూసే ఉంటారు కదా. ఆ అయిదూ ఖాళీ అని మీకు ముందే తెలుసు కదా."

అవునంటే చాలనుకుంది. అబద్ధం చెప్పినా చాలు.

మాస్టారు సైకిలు స్టాండు తీశారు.

"లేదమ్మా. నువ్వు చూశానన్నావు గదా" అన్నారు.

నీలవేణి ఆయన ఎడమ కంటి వైపు చూసింది. అది అందరి కళ్ళలాగే ఒకసారి మూసుకుని తెరుచుకుంది.