ఊదిన నీళ్లు

దస్తగిరి రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. ఆస్పత్రిలో చెల్లెలు షంషాద్‌కు నూటమూడు జ్వరం. అది ఎందుకొచ్చిందో అతనొక్కడికే తెలుసు.

షంషాద్‌ది బ్లడ్ కేన్సర్, రోజుల్లో ముదిరిపోయే రకం. మందులతో ఆమె ఎముకల్లోని పాత మూలుగనంతా చంపేసి, దస్తగిరి నెత్తురులోంచి తీసిన మూలకణాలు ఎక్కించారు. అవి నాటుకుని కొత్త నెత్తురు పుట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందాకా ఏ క్రిమి సోకినా ఒంటికి కాపలా అంటూ ఉండదు. కాచి చల్లార్చిన నీళ్లు తప్ప చుక్క పొయ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఏడో రోజున దస్తగిరి వేరే నీళ్లు పోశాడు. అవి కొండమీద వాననీళ్లు నిలిచే రాతిదోనలో ముంచినవి, ఖాదర్ షా స్వామి దువా చదివి ఊదినవి. పదకొండేళ్లుగా ఆ స్వామి కూర్చునే చోటు ఊడ్చి, ఆ నీళ్లు వచ్చినవాళ్లందరికీ పంచినవాడు దస్తగిరే. సొంత చెల్లెలికి పోయకుండా ఎట్లా ఉంటాడు?

"దోన నీళ్లు తియ్యగా ఉంటాయన్నా," అని ఆ పిల్ల నవ్వింది కూడా.

ఇప్పుడు కొండెక్కి వచ్చి స్వామి కాళ్లమీద పడ్డాడు.

"బయటి నీళ్లేమైనా తాగించారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది స్వామీ. లేదన్నాను."

"ఎందుకన్నావు?"

"మీ పేరు చెడిపోతుందని..."

"జ్వరమొచ్చింది నా పేరుకా?"

ముసలాయన లేచాడు. దోన నీళ్ల కూజా చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. మోకాళ్లు పట్టేసి మెట్టుమెట్టుకూ ఆగాడు. కూజా మాత్రం శిష్యుడి చేతికివ్వలేదు.

ఆస్పత్రిలో దాన్ని డాక్టరమ్మ బల్లమీద పెట్టాడు.

"అమ్మా, ఇవి నేనిచ్చిన నీళ్లు. పిల్ల తాగింది. ఇందులో ఏముందో చూడండి."

డాక్టరమ్మ దస్తగిరి వైపు తిరిగింది. "మొన్ననే అడిగాను కదయ్యా," అంది. నీళ్లు పరీక్షకు పంపింది, మందు మార్చింది. గుణమిస్తుందా అని అడిగితే తల వంచుకుని రాసుకుంటూ ఉండిపోయింది.

అద్దాల తలుపు అవతల షంషాద్ పడుకుని ఉంది. తలమీద ఒక్క వెంట్రుక లేదు. కళ్లు తెరవలేదు.

తలుపు దగ్గరి కాపలావాడు స్వామి పచ్చ తలగుడ్డ చూసి అడ్డమొచ్చాడు. "ఏం తాతా, ఊదేదుంటే బయట ఊదుకో."

"ఊదేదేమీ లేదు నాయనా. కూర్చునే చోటు చూపించు."

వాడు వరండా మూల చూపించాడు. స్వామి గచ్చుమీద చతికిలబడ్డాడు. దస్తగిరి మాత్రం గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

"అది చచ్చిపోతే, స్వామీ?"

ముసలాయన తలగుడ్డ విప్పి, తన పక్కన గచ్చుమీది దుమ్మంతా శుభ్రంగా తుడిచాడు.

"అప్పుడూ ఇక్కడే ఉంటాం. కూర్చో."