గడపనుకుని పెట్టిన బొట్టు

అనగనగా ఒక పేట. అనగనగా అన్నానని రాజులనీ గుర్రాలనీ వెతక్కండి, ఇది ఇంటింటికీ కరెంటు వచ్చాక జరిగిన సంగతే. ఆ పేటలో సుభద్రమ్మ అనే ముసలావిడ, మందాకిని అనే ఆమె మనవరాలు ఉండేవారు.

మందాకినికి పదహారేళ్ళు. ఒక నెల పెట్టె, ఒక నెల ఫ్యాను, ఒక నెల బోర్డు, ఇలా ఏడాదిపాటు ఒక్కో భాగమే తెచ్చి, తన చేతులతో తానే కంప్యూటర్ బిగించుకుంది. సుభద్రమ్మకు చేతులు వణుకుతాయి, ముగ్గు వేయలేకపోయేది. అందుకని రోజూ సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని చుక్కలు చెబితే, మనవరాలు తెర మీద ముగ్గు వేసేది. ఆ ఒక్క గంట కోసం ముసలావిడ రోజంతా ఎదురుచూసేది.

ఆయుధపూజ వచ్చింది. మందాకిని పెట్టె మూత తీసి, శుభ్రం చేద్దామని మెమరీ ముక్కను ఊడదీసింది. దాని అంచు తుడవడానికి రబ్బరు కావలసి వచ్చింది. "మామ్మా, లోపల మాత్రం ముట్టుకోకు" అని చెప్పి మరీ అది తేవడానికి వెళ్ళింది.

సుభద్రమ్మ అప్పటికే కత్తిపీటకూ కుట్టుమిషనుకూ సైకిలుకూ బొట్లు పెట్టి వస్తోంది. పెట్టెలోకి తొంగి చూస్తే, మెమరీ ముక్క కూర్చునే గాడి సన్నగా, పొడుగ్గా, అచ్చం బుల్లి గడపలా కనిపించింది. గడపను బోసిగా వదిలే మనిషా ఆవిడ? తడి పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టింది. పెట్టాక గానీ మనవరాలి మాట గుర్తుకు రాలేదు. గబగబా కొంగుతో తుడిచేసింది. పైన ఉన్నది పోయింది, గాడిలోకి దిగినది ఉండిపోయింది.

ఆ సాయంత్రం మందాకిని మెమరీ ముక్కను తిరిగి గాడిలో పెట్టి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర వెలగలేదు.

మొదటి రోజు మందాకిని కరెంటు అందించే డబ్బాను అనుమానించింది. స్నేహితురాలి దగ్గర వేరేది తెచ్చి పెట్టింది. లాభం లేకపోయింది. నిజం చెబుదామని సుభద్రమ్మ నోరు తెరిచి, "కాఫీ తాగుతావా అమ్మా?" అంది.

రెండో రోజు తెరనూ దాని వైరునూ మార్చి చూసింది. అదే వరస. సుభద్రమ్మ మళ్ళీ నోరు తెరిచి, "జడ వేయనా?" అంది.

మూడో రోజు ఇంకో మెమరీ ముక్క అడిగి తెచ్చింది. ఆ చిన్న బోర్డుకు ఉన్నది ఒకటే గాడి, దాంట్లోనే పెట్టింది. తెర నల్లగానే ఉంది.

"అన్నీ మంచివే మామ్మా. ఇక మిగిలింది బోర్డే. శుభ్రం చేసి మళ్ళీ బిగించేటప్పుడు నేనే పాడుచేసి ఉంటాను. నాకీ పని రాదు. రేపు పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తాను, ఇంకెప్పుడూ ఇలాంటివాటి జోలికి పోను" అంటూ మరలు విప్పడం మొదలుపెట్టింది. కళ్ళనిండా నీళ్ళు.

ముసలావిడ గుండె చెరువయింది. చేసింది తాను, శిక్ష పడుతున్నది పసిదానికి.

"ఆగు తల్లీ. పాడుచేసింది నీ చేతులు కావు, నావి" అని జరిగిందంతా చెప్పేసింది.

మందాకిని టార్చి వేసి చూసింది. గాడి అడుగున సన్నని ఎర్రచార. ప్లగ్గు పీకి, బ్రష్షును స్పిరిట్‌లో ముంచి ఓపిగ్గా కడిగింది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే మీట నొక్కితే తెర వెలిగింది.

"మొదటి రోజే చెప్పొచ్చుగా మామ్మా?"

"చెబితే ఇక నన్ను పక్కన కూర్చోనివ్వవేమోనని భయపడ్డానే."

మందాకినికి కోపం రాకపోలేదు. కానీ తన చేతుల మీద తనకు పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చిచ్చింది కూడా మామ్మేనని తెలిసి, ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు.

"ఈసారి పెట్టె విప్పినప్పుడు టార్చి నువ్వే పట్టుకోవాలి" అంది.

"నా చేతులు వణుకుతాయి కదే?"

"వణికితే వణకనీ. వెలుగు పడితే చాలు."

చూశారా పిల్లలూ, మనం దాచిన తప్పు మన దగ్గరే ఉండిపోదు, ఏ పాపమూ ఎరుగనివారి మీద పడుతుంది. అందుకే ఎంత భయమేసినా సరే, చేసిన తప్పును వెంటనే ఒప్పుకోవాలి.