రొట్టెల పెట్టె మీద మాట

ఎడ్మండ్‌కి గురువుగారి మీద ఒక కోపం ఉండేది. మఠానికి ఎవరొచ్చినా సరే, రొట్టె చేతికిచ్చే ముందు ఆ పెద్దాయన ఓ ముక్క తుంచి తన నోట్లో వేసుకునేవాడు.

"అతిథికి ఎంగిలి పెడతాడా మనిషి!" అని ఎడ్మండ్ లోపల్లోపల గొణుక్కునేవాడు.

ఆ మఠం ఆల్ప్స్ కొండల్లో ఉంది. ఎన్నో దేశాలవాళ్ళు నడిచే దారి అది. పైదాకా ఎక్కలేనివాళ్ళ కోసం కింద దారి పక్కన ఒక రొట్టెల పెట్టె పెట్టారు. ఎడ్మండ్ ఇంగ్లీషువాడు. మూత మీద 'గిఫ్ట్' అని తన చేత్తో అందంగా చెక్కాడు. కానుక అని.

ఒక స్వీడన్ కుర్రాడు అది చదివి పగలబడి నవ్వాడు. "ఏమయ్యా సన్యాసీ, మా భాషలో దీనికి పెళ్ళైందని అర్థం. రొట్టెకి ఎవరినిచ్చి చేశారు? జర్మన్లకైతే ఇంకా ఘోరం. విషం!"

"నా మాట తిన్నగానే ఉంది. మీ భాషలే వంకర," అన్నాడు ఎడ్మండ్. చెరపలేదు.

మంచు పడుతున్న ఒక పొద్దున గురువూ అతనూ కిందికి దిగారు. పెట్టె పక్కన ఒక జర్మన్ నేతగాడు, అతని భార్య కూలబడి ఉన్నారు. ఆకలికి ఆమె పెదాలు తెల్లబడ్డాయి. పెట్టె వైపు ఆమె చెయ్యి చాపుతుంటే మొగుడు లాగేస్తున్నాడు.

"తినండమ్మా, తినండి! మా భాషలో అది కానుక!" ఎడ్మండ్ పరుగెత్తాడు.

"విషమని రాసి తినమంటావా? ఎలుకలకి పెట్టుకో!" నేతగాడు భార్యకి అడ్డం నిలబడ్డాడు.

ఎడ్మండ్ తనకొచ్చిన భాషలన్నిటిలోనూ చెప్పాడు. చెప్పేకొద్దీ నేతగాడు భార్య చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి.

గురువు ముందుకొచ్చాడు. మూత ఎత్తి ఒక రొట్టె తీశాడు. ఓ ముక్క తుంచి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి మింగాడు. మిగిలింది ఆమె ముందుకి చాపాడు.

నేతగాడు ఆయన గొంతు వైపే చూశాడు. భార్య చెయ్యి వదిలేశాడు.

ఆమె తింది. కాసేపటికి కళ్ళు తెరిచి, "ఉప్పు తక్కువైంది," అంది.

నేతగాడు ఏడుస్తూ నవ్వాడు. ఎడ్మండ్ మంచులోనే కూర్చుండిపోయాడు.

"గురువుగారూ, ఆ మాట ఇప్పుడే చెరిపేస్తాను."

"ఉండనీ. ఇంగ్లీషువాళ్ళకీ ఆకలేస్తుంది. నువ్వు మాత్రం పెట్టె పక్కన కూర్చో."

మధ్యాహ్నం ఇంకో బాటసారి వచ్చి, మూత చదివి ఆగిపోయాడు. ఎడ్మండ్ రొట్టె తుంచాడు. తన నోట్లో ముక్క ఉంది, మాట లేదు.