తడి మెట్ల మీద పట్టు లంగా

తెనాలిలో బట్టల దుకాణం నడిపే సుధీంద్ర మంచివాడే కానీ, మనిషి కంటే ముందు ఆ మనిషి కట్టుకున్న బట్టలు చూసేవాడు. ఇస్త్రీ మడత నలిగితే గడప దాటేవాడు కాదు. పెళ్ళికైనా, పక్కవీధికైనా తన ఇంటివాళ్ళు మెరిసిపోతూ కనబడాలని పట్టుబట్టేవాడు.

ఒక శ్రావణ మాసంలో భార్య మాలినినీ, ఎనిమిదేళ్ళ కూతురు హారికనూ తీసుకుని హైదరాబాదు చూడ్డానికి ప్రయాణమయ్యాడు. అక్కడ ముసురు పట్టిందని చుట్టాలు ఫోనులో ముందే చెప్పారు. అందుకని మాలిని త్వరగా ఆరిపోయే చుడీదార్లు, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు, వానకోట్లు సంచిలో సర్దింది. సుధీంద్ర అవన్నీ తీసి మంచం మీద పడేశాడు.

“ఊరు చూడ్డానికి వెళ్తున్నామా, నాట్లు వేయడానికా?” అన్నాడు.

వాటి బదులు కూతురికి పాదాల మీద జీరాడే పట్టు లంగా, భార్యకు పట్టుచీర, ఎత్తు మడమల చెప్పులు, తనకు తెల్లటి లాల్చీ, నున్నటి తోలు అడుగున్న కొత్త బూట్లు పెట్టించాడు. మాలిని రెండుసార్లు చెప్పి చూసింది. ప్రయాణం ముందు గొడవ ఎందుకని ఊరుకుంది.

మొదటి రోజు చార్మినార్ దగ్గర చినుకులే పడ్డాయి. ఎవరో పాప లంగా బాగుందని మెచ్చుకున్నారు. సుధీంద్ర భార్య వైపు గర్వంగా చూశాడు.

మరునాడు గోల్కొండ కోట ఎక్కారు. పైకి వెళ్ళేదాకా మబ్బు పట్టి ఉంది గానీ వాన లేదు. కొండ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉండగానే ఒక్కసారిగా కుండపోతగా కురిసింది. జనమంతా పాత గోడల చాటుకు చేరారు. వాన తగ్గేదాకా అక్కడే ఉందామని మాలిని బతిమాలింది.

“ఇక్కడ పైకప్పు లేదు, జల్లు కొడుతూనే ఉంది, నిలబడితే పట్టు పాడైపోతుంది. పదండి,” అంటూ సుధీంద్ర పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగసాగాడు.

ఎన్నో తరాలు నడిచి అరగదీసిన రాతిమెట్లవి. వాటి మీద నీళ్ళు కాలవలా పారుతున్నాయి. సగం దూరం దిగేసరికి అతడి బూటు సర్రున జారింది. పడిపోతూ రెండు చేతులతో పక్క గోడను పట్టుకున్నాడు. గోడ దొరికింది. పాప చెయ్యి మాత్రం జారిపోయింది.

తడిసి బరువెక్కిన లంగా హారిక కాళ్ళకు చుట్టుకుంది. ఆపుకోవాలన్నా అడుగు పడలేదు. దొర్లుకుంటూ వెళ్ళి, మెట్లు మలుపు తిరిగే చోట, గోడ విరిగిన సందులోంచి అవతలికి పడింది.

కేక కూడా వినబడలేదు. వాన చప్పుడు ఒక్కటే.

సుధీంద్ర తన ఖాళీ చేతిని తానే చూసుకున్నాడు. అది గోడను పట్టుకోవడానికి కూతుర్ని వదిలేసిన చెయ్యి. లేచి పరుగెత్తబోతే బూటు మళ్ళీ జారింది.

“మీరు కదలకండి. మీరూ పడితే నేను ఎవరిని పట్టుకోను?” అంది మాలిని. చెప్పులు విసిరేసింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి ఎగదోపుకుంది. ఉత్త పాదాలతో, గోడను తడుముకుంటూ, ఒక్కొక్క మెట్టే దిగి ఆ సందు దగ్గర బోర్లా పడుకుంది. కొంచెం కిందనే ఒక బండ మీద, ముళ్ళపొదకు ఆనుకుని పాప కూర్చుని ఉంది. ఆ బండకు అవతల ఏమీ లేదు, లోయ తప్ప.

“పాప ఇక్కడే ఉంది!” అని మాలిని అరిచింది. ఆ మాట విని సుధీంద్ర బూట్లు ఊడదీశాడు. మెట్ల మీద చతికిలబడి, తెల్లబట్టలు బురదలో ఈడ్చుకుంటూ దిగాడు. అతడు భార్య కాళ్ళు పట్టుకున్నాడు. ఆమె వంగి పాపను రెట్టల కింద పట్టి పైకి లాగింది. హారిక ఎడమ చెయ్యి వంకరగా వేలాడుతోంది. ముఖం పాలిపోయింది. అయినా ఆ పిల్ల నొప్పి అని ఏడవలేదు. తండ్రి ముఖంలోకి భయంగా చూసింది.

“లంగా చిరిగిపోయింది నాన్నా. కావాలని చింపలేదు. తిట్టకు,” అంది.

ఆ మాటకు సుధీంద్ర పాపను గుండెలకు హత్తుకుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆసుపత్రిలో ఎముక విరిగిందని కట్టు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు. వరండాలో ఉత్త కాళ్ళతో, బురద లాల్చీతో కూర్చున్న సుధీంద్రకు, తాను ఎలా కనబడుతున్నాడో గుర్తే లేదు. భార్య వచ్చి పక్కన కూర్చున్నాక, నీ మాట వినకుండా బిడ్డను చంపుకునేవాణ్ణని మాత్రం అనగలిగాడు.

ఆ తర్వాత తెనాలి దుకాణంలో ప్రయాణానికని ఎవరు బట్టలు కొనడానికి వచ్చినా, రంగు సంగతి తర్వాత, ముందు ఎక్కడికి వెళ్తున్నారు, అక్కడ వానా ఎండా అని సుధీంద్ర అడిగేవాడు. వాన పడే చోటికని తెలిస్తే పట్టు బట్ట తీసి చూపించేవాడే కాదు.

చూసేవాళ్ళ మెప్పు కోసం కాదు, వెళ్ళే చోటునూ, ఉన్న కాలాన్నీ బట్టి బట్టలూ చెప్పులూ వేసుకోవాలి. అందం తగ్గితే సర్దుకోవచ్చు, ప్రాణం జారితే పట్టుకోలేము.