అక్కను పట్టి చెల్లెల్ని వదిలే అణువు

ఎస్తేరు తయారుచేసిన అణువు అక్కను పట్టుకుంది. అంతవరకు బాగానే ఉంది. చెల్లెల్ని కూడా పట్టుకుంది. చిక్కంతా అక్కడ వచ్చిపడింది.

అక్కా చెల్లెలూ అంటే మనుషులు కారు. మస్తాన్‌వలీ మాస్టారి ల్యాబులో రెండు ఎంజైములకు పెట్టుకున్న పేర్లు. అసలు పేర్లు నోరు తిరగనివి. రోజంతా వాటితో వేగలేక శిష్యులు ఇలా పిలుచుకునేవాళ్లు. మాస్టారు మొదట్లో విసుక్కున్నారు గానీ, తరవాత ఆయన నోటా అదే వచ్చింది.

అక్క ఉండేది క్యాన్సర్ గడ్డలో. ఒంట్లో క్యాన్సర్‌ను చంపడానికి కాపలా కణాలు ఉంటాయి. వాటికి ఒక తిండి కావాలి. ఆ తిండిని అవి రాకముందే తినేయడం అక్క పని. కాపలా కణాలు గడ్డ దాకా నడిచి వస్తాయి, ఆకలికి సొమ్మసిల్లి దాని పక్కనే పడిపోతాయి. గడ్డ హాయిగా పెరుగుతుంది. అక్క నోరు కట్టేసే అణువు ఒకటి దొరికితే, కాపలా కణాలు కడుపు నింపుకుని తమ పని తాము చూసుకుంటాయి. క్యాన్సర్‌ను చంపేది మందు కాదు. చంపేవాళ్లకు అన్నం అందేలా చూస్తుంది, అంతే.

చెల్లెలు ఉండేది కాలేయంలో. అచ్చం అక్క పోలిక. కానీ అది చేసే పని ఒంటికి అవసరం. దాన్ని ఆపితే రోగి మందు వల్లనే మంచాన పడతాడు. అక్క నోరు కట్టాలి, చెల్లెలి జోలికి పోకూడదు. విశాఖలో కొండవాలున ఉన్న ఆ పాత కట్టడంలో ఏళ్ల తరబడి జరుగుతున్న పని ఇదే.

ఆ ఏడాది ఎలుకల మీద పరీక్షకు ల్యాబు నుంచి ఒక్క అణువుకే చోటు ఇచ్చారు. ఎస్తేరుదో, ఆమె కంటే ముందు చేరిన కిరీటిదో వెళ్లాలి. ఎలుకల గది వాళ్లు ఒక రోజు మధ్యాహ్నం ఫోను చేసి పేరు అడుగుతామన్నారు. తనది వెళ్లి తీరాలని ఎస్తేరు పంతం.

పంతానికి కారణం ఉంది. ఆమె కొత్తగా చేరిన రోజుల్లో, ఆమె చేసిన మొదటి అణువును చూసి కిరీటి అందరి ముందూ ఒక మాట అన్నాడు. "నీ అణువు అక్క పక్కన కూర్చుని కబుర్లు చెబుతుందమ్మా. చెయ్యి మాత్రం పట్టుకోదు." అందరూ నవ్వారు. అప్పటిదాకా అతన్ని అన్నా అని పిలిచే ఎస్తేరు, ఆ రోజు నుంచి కిరీటిగారూ అనడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అలాగే అంటుంది.

చెయ్యి పట్టుకోదు అన్నాడు కదా. పట్టిస్తాను అనుకుంది. అణువుకు ఒక తోక తగిలించింది, నూనెలాంటి జిడ్డు తోక. పట్టు పెరిగింది. ఇంకో తోక తగిలించింది. ఇంకా పెరిగింది. తోక వేసినప్పుడల్లా పట్టు పెరుగుతుంటే ఎవరు మాత్రం ఆగుతారు. చివరికి ఆ ల్యాబులో ఇంతవరకు ఎవరిదీ పట్టనంత గట్టిగా ఆమె అణువు అక్కను పట్టింది. బోర్డు మీద అందరి అంకెల కంటే తన అంకె కాస్త పెద్దగా రాసింది.

అప్పుడు చెల్లెలి మీద పరీక్షించి చూసింది. అక్కను ఎంత పట్టిందో చెల్లెల్నీ అంతే పట్టింది.

తోక పొట్టి చేసింది. చెల్లెలు వదల్లేదు. తోకను ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చింది. వదల్లేదు. అణువును అద్దంలో బొమ్మలా తిరగేసి చేసింది. అయినా అంతే. బిగువు చొక్కాకి చంక దగ్గర ఒక కుట్టు విప్పితే అక్కడ వదులవ్వాలి. ఇక్కడ ఏ కుట్టు విప్పినా ఎక్కడా ఏ తేడా లేదు. తప్పు ఎక్కడుందో తెలిస్తే దిద్దుకోవచ్చు. అది ఉన్న చోటే తెలియకపోతే ఏం చేస్తారు.

పేరు చెప్పాల్సిన రోజు పొద్దున మాస్టారి దగ్గరికి వెళ్లింది.

మాస్టారు తేలిగ్గా మాట్లాడే మనిషి కాదు. తేలిగ్గా మరిచిపోయే మనిషీ కాదు. వెనకటి శిష్యుడొకడు గాజు గొట్టం కడక్కుండా వేరే వాళ్ల బల్ల మీద పెట్టాడని, వాడు పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీ ఎక్కాక కూడా, వాడి పెళ్లికి వెళ్లలేదు. ఆయన ముందు ఎవరైనా 'దాదాపు' అన్నారంటే ఇక ఆ పూట వాళ్ల మాట వినరు.

"మాస్టారూ, చెల్లెల్ని ఎలా విడిపించాలో తెలియడం లేదు."

"అక్కను ఎంత పట్టింది?"

"మన ల్యాబులో ఇంతవరకు ఏదీ పట్టనంత."

"ఎంత అని అడిగాను."

అంకె చెప్పింది. 'దాదాపు' అనకుండానే చెప్పింది. మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మెచ్చుకుంటారేమోనని ఎస్తేరు చూసింది.

"బొప్పాయి మీద చూశావా?"

"ఏ బొప్పాయి మాస్టారూ?"

"ఫ్రిజ్‌లో ఎన్ని రకాల బొప్పాయి ఉంది అమ్మాయ్?"

అప్పుడు తట్టింది. పచ్చి బొప్పాయి పాలలో ఒక ఎంజైము ఉంటుంది. మాంసం మెత్తబడాలని కూరలో కాయ ముక్క వేస్తారే, ఆ మెత్తబరిచేది అదే. కాలేజీ పిల్లలు చూడ్డానికి వస్తే చూపించాలని దాన్ని ఒక సీసాలో పెట్టి ఫ్రిజ్ వెనక అరలో ఉంచారు.

"అది మనిషి ఒంట్లోది కూడా కాదు కదా మాస్టారూ. అక్కకీ దానికీ ఏం చుట్టరికం?"

"ఏమీ లేదు. అందుకే అడిగాను."

ఇంకేం చెబుతారోనని నిలబడింది. మాస్టారు తన కాగితాల్లోకి తల దించుకున్నారు. ఇక వెళ్లమని అర్థం.

బయట కిరీటి ఎదురయ్యాడు.

"ఏమన్నారేంటి?"

"బొప్పాయి మీద చూడమన్నారు, కిరీటిగారూ."

కిరీటి ముందు అర్థం కానట్టు చూసి, తరవాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయితే నీది క్యాన్సర్ మందు కాదమ్మా. మటన్ కూరలోకి."

ఎస్తేరు తన బల్ల దగ్గరికి వచ్చేసింది. మాస్టారు ఎగతాళి చేస్తున్నారా, పరీక్ష పెడుతున్నారా, వయసు మీదపడి ఏదో అన్నారా, ఏదీ తేల్చుకోలేకపోయింది. అయినా చేసింది. ఆయన చెప్పినందుకు కాదు, ఏమీ జరగదని చూపించడానికి.

పరీక్ష పద్ధతి తేలిక. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో ఎంజైము పోస్తారు, దాని తిండి పోస్తారు, మందు పోస్తారు. ఎంజైము పని చేస్తే గుంటలో నీళ్లు పచ్చబడతాయి, పసుపు కలిపినట్టు. మందు దాని నోరు కట్టేస్తే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

బొప్పాయి గుంట పచ్చబడలేదు.

సీసా పాతది కదా, లోపలున్నది చచ్చిపోయి ఉంటుంది అనుకుంది. మందు లేకుండా పోసి చూసింది. ముద్ద పసుపులా పచ్చబడింది. బతికే ఉంది. చెయ్యి తప్పిందేమోనని మళ్లీ చేసింది. మళ్లీ అంతే. నీళ్లు మార్చి చూసింది. కొలిచి పోసే పిపెట్ మార్చి చూసింది. మందు పడితే చాలు, బొప్పాయి ఆగిపోతోంది.

నా అణువు ముందు ఏదీ నిలవడం లేదా అని ఒక్క క్షణం గర్వంగా కూడా అనిపించింది. ఆ వెంటనే ఆ గర్వం పోయింది. అన్నిటినీ ఆపేసే దాన్ని మందు అని ఎవరంటారు. కానీ ఎలా ఆపుతోంది? అక్క నోటి ఆకారం చూసి, దానికి సరిపడేలా కొలిచి కట్టిన అణువు అది. బొప్పాయి నోరు ఆ ఆకారంలో లేనే లేదు. మరి దేన్ని పట్టుకుంది? ఎక్కడ పట్టుకుంది? తనకు తెలిసిన చదువంతా ఒక పక్క నిలబడింది, ఆ పచ్చబడని గుంట ఇంకో పక్క.

మాస్టారి ముందు నిలబడింది.

"బొప్పాయినీ ఆపేసింది మాస్టారూ."

"సంతోషమేనా?"

"నాకేం అర్థం కావడం లేదు."

మాస్టారు తలెత్తారు. "నువ్వు చేరాక ఆ మాట ఇవాళే విన్నాను," అన్నారు. కుర్చీలోంచి లేచారు.

ఆయన శిష్యుల బల్లల దగ్గరికి రావడం అరుదు. వస్తుంటే అందరూ పనులాపి చూశారు. కిరీటి కూడా దగ్గరికి వచ్చాడు. మాస్టారు ఎస్తేరు మందు కలిపిన నీళ్ల గొట్టం తీసి కిటికీ వైపు పట్టుకున్నారు. అవతల సముద్రం మీద ఎండ తెల్లగా మెరుస్తోంది.

"ఏం కనిపిస్తోంది?"

"నీళ్లు మాస్టారూ."

ఆయన ఇంకో గొట్టంలో ఉత్త నీళ్లు నింపి దాని పక్కన పెట్టి పట్టుకున్నారు. ఎస్తేరు వంగి చూసింది. ఉత్త నీళ్లలోంచి సముద్రం స్పష్టంగా కనిపించింది. తన గొట్టంలోంచి కాస్త మసకగా కనిపించింది. పాలు తాగిన గ్లాసులో నీళ్లు పోస్తే ఉండేంత మసక.

"పూర్తిగా కరిగింది మాస్టారూ. నా చేత్తో కలిపాను."

మాస్టారు తన అలమరలోంచి చిన్న సీసా తెచ్చి ఆమె ముందు పెట్టారు. ల్యాబులో వాడే ఒక రకం సబ్బు అది.

"అన్నిట్లో రవ్వంత వెయ్యి."

"సబ్బా? సబ్బు పడితే ఎంజైము బతుకుతుందా?"

"మందు లేని గుంటల్లోనూ వెయ్యి. చస్తే అక్కడ తెలుస్తుంది."

అక్కకు, చెల్లెలికి, బొప్పాయికి, మందు ఉన్నవీ లేనివీ గుంటలు నింపి సబ్బు వేసింది. మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

మందు లేని గుంటలు ముందు పచ్చబడ్డాయి. సబ్బుకు ఏ ఎంజైమూ చావలేదు. తరవాత మందు ఉన్న బొప్పాయి గుంట పచ్చబడింది. ఆ వెనకే చెల్లెలి గుంట పచ్చబడింది. ఎస్తేరు చూపు అక్క గుంట మీదే ఉంది. ఆ ఒక్కటీ ఉండిపోతే చాలు అనుకుంది. అందులోనూ పసుపు రావడం మొదలైంది. ఆమె మొహం తిప్పుకుంది.

గొట్టంలో మిగిలిన మందులోనూ మాస్టారు కాస్త సబ్బు వేసి ఆడించి, కిటికీ వైపు పట్టుకున్నారు. మసక పోయింది. సముద్రం స్పష్టంగా ఉంది.

"అంటే మాస్టారూ," అంది ఎస్తేరు నెమ్మదిగా, "అణువులు విడివిడిగా లేవు. తోకలు తోకలు కరుచుకుని ముద్దలైపోయాయి. ఆ ముద్దలు దారిన పోయే ప్రతి ఎంజైమునూ అతికించుకున్నాయి. అక్కయినా, బొప్పాయయినా..."

మాస్టారు గొట్టం బల్ల మీద పెట్టారు.

"సబ్బుతో కడిగితే పోయేది పట్టు ఎలా అవుతుంది మాస్టారూ," అన్నాడు కిరీటి. "దాన్ని మురికి అంటారు."

మాస్టారు సీసా మూత బిగించి కిరీటి చేతిలో పెట్టారు.

"నాకెందుకు మాస్టారూ? నాది చెల్లెల్ని అంతగా పట్టదు."

"నేనేమైనా అన్నానా?"

ఫోను మోగింది. ఎలుకల గది నుంచి. మాస్టారు ఎస్తేరు వైపు చూశారు. ఆమె తీసింది. అవతలి మాట విని, "నాది రావడం లేదండీ," అంది. "అవును. నేనే చెబుతున్నాను, ఎస్తేరుని. ఒక్క నిమిషం." ఫోను కిరీటికి అందించింది.

ఇన్నాళ్లూ ఇద్దరూ కాచుకున్న చోటు అది. పోటీ కూడా లేదు ఇప్పుడు. కిరీటి ఒక చేత్తో ఫోను పట్టుకున్నాడు, రెండో చేతిలో సబ్బు సీసా ఉంది. సీసా వైపు చూశాడు.

"రేపు చెబితే ఫర్వాలేదా అండీ," అన్నాడు చివరికి. ఫోను పెట్టేసి, ఎవరి వైపూ చూడకుండా సబ్బు సీసాతో తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎస్తేరు బల్ల సర్దడానికి ప్లేటు తీయబోయింది. మాస్టారు దాని మీద చెయ్యి ఉంచారు. ప్లేటును కిటికీ వైపు తిప్పి, తన కళ్లజోడు తీసి ఆమెకు ఇచ్చారు.

ఆమెకు చూపు బాగానే ఉంది. కళ్లజోడు అవసరం లేదు. ఎందుకిచ్చారో తెలియక చేత్తో పట్టుకుని, ప్లేటు మీదికి వంగింది.

చెల్లెలి గుంటలు రెండు పక్కపక్కన ఉన్నాయి, మందు లేనిదీ ఉన్నదీ. రెండూ ఒకే పసుపు. బొప్పాయివి రెండూ ఒకే పసుపు. అక్కవి చూసింది. మందు లేనిది ముద్ద పసుపు. మందు ఉన్నది నిమ్మరసం నీళ్లంత లేత పసుపు. ఇంతసేపు ఆగినా అంతకు మించి పచ్చబడలేదు.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. ఏళ్ల తరబడి తగిలించిన తోకలు, బోర్డు మీద పెద్దగా రాసిన అంకె, అవన్నీ పోగా మిగిలింది ఆ రెండు పసుపుల మధ్య తేడా. చాలా చిన్న తేడా. అక్క దగ్గర తప్ప ఇంకెక్కడా లేని తేడా.

"ఇంతేనా మాస్టారూ?"

"ఇంత ఉంది," అన్నారు మాస్టారు.